నంబరులో ఊరు పేరెందుకు?

పుదుచ్చేరిలో భాగమైన యానాంలోని దరియాలతిప్పలో ఎవరైనా కొట్టు పెడితే జీఎస్టీ నంబరు 34తో మొదలవుతుంది, అంటే పుదుచ్చేరి. యానాంలో రిజిస్టరైన బండి మీద పీవై 04 ఉంటుంది. ల్యాండ్‌లైన్‌కి కాకినాడ కోడు 0884. పిన్‌కోడు 533464. దాని మొదటి మూడంకెలు తూర్పుగోదావరివి!

పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపొందించినవాడు తపాలా శాఖ అధికారి శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఆయన సంస్కృత కవి కూడా. ఒకే పేరున్న ఊళ్లు, చిరునామాలు రాసే రకరకాల లిపులు కలిసి ఉత్తరాలు వేరుచేసేవాళ్లకి నరకం చూపిస్తుంటే, ఆయన ఆరంకెలతో తేల్చాడు. మొదటి మూడూ ఉత్తరాలు వేరుచేసే జిల్లాకి, చివరి మూడూ పోస్టాఫీసుకి. అందుకే పుదుచ్చేరికి 605, కారైకాల్‌కి 609, మాహేకి 673, యానాంకి 533. ప్రభుత్వం ఒకటే అయినా ఉత్తరాల సంచి వెళ్లే దారులు నాలుగు. వేలంకర్ పద్ధతి దారినే పట్టించుకుంది.

ఆ తెలివి విలువ 2014లో తెలిసింది. ఆంధ్రప్రదేశ్ విడిపోయినా పిన్‌కోడు పద్ధతి మార్చక్కర్లేకపోయింది. బండ్ల నంబర్లకి ఆ అదృష్టం లేదు. తెలంగాణలో కొత్త బండ్లకి ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024లో అదీ పోయి టీజీ అయింది. ఆంధ్రాలో జిల్లాకో అంకె ఉండేది, తూర్పుగోదావరికి 05. 2019లో ఆ పద్ధతి తీసేసి అన్ని జిల్లాలకీ ఏపీ 39 పెట్టారు. రాజకీయంతో మారేదాన్ని నంబరులో ఇరికిస్తే ఇంతే.

2010లో ఆధార్ ఇవ్వడం మొదలైనప్పుడు ఆ చిక్కే పెట్టుకోలేదు. పన్నెండంకెల్లో ఊరు, కులం, పుట్టిన తేదీ ఏవీ లేవు. చివరి అంకె మాత్రం కాపలాకి. డచ్చి గణితజ్ఞుడు వెర్‌హోఫ్ 1969లో ప్రకటించిన లెక్కతో అది వస్తుంది. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా కంప్యూటరు పట్టేస్తుంది. డేటాబేస్ కట్టేవాళ్లు చూడాల్సింది ఇదే: ఊరు, జిల్లా వేరే గడుల్లో ఉండాలి, ఎప్పుడైనా దిద్దుకోవచ్చు. నంబరు జోలికి పోకూడదు. చూడగానే ఊరు తెలియాలని ఆఫీసులు పట్టుబడతాయి గానీ, ఆ సుఖం నాలుగు రోజులే.

దరియాలతిప్ప అమ్మాయి వంతెన దాటి ఆంధ్రాలోని ఎదుర్లంకకి కోడలిగా వెళ్తే ఆధార్‌లో చిరునామా మారుతుంది, నంబరు అదే. పీవై 04 స్కూటీని వెంట తీసుకెళ్తే మాత్రం, ఏడాది దాటి అక్కడే ఉంచేటట్టయితే ఏపీ నంబరు వేయించుకోవాలి.