పన్నెండు ఫొటోల డబ్బా

అగ్ఫా క్లిక్-త్రీ కెమెరాలో చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. చేతిలో ఇమిడే నల్లటి డబ్బా, ముందు ఒంటి కటకం, దాని దగ్గర ఎండ బొమ్మ వైపో మబ్బు బొమ్మ వైపో జరుపుకునే చిన్న మీట, పైన రీలు తిప్పే చక్రం, వెనక ఎర్రటి చిన్న కిటికీ. అంతే. షట్టర్ వేగం మార్చే పని లేదు, వెలుతురు కొలిచే పని లేదు. 120 రీలు వేస్తే రెండుంపావు అంగుళాల చదరపు ఫొటోలు 12 వస్తాయి. జర్మనీ అగ్ఫా కంపెనీ తోడ్పాటుతో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ వాళ్ళు దీన్ని బరోడాలో తయారు చేశారు. మన ఉత్తర తెలంగాణ జిల్లాల్లో మధ్యతరగతి ఇంటికి వచ్చిన మొదటి సొంత కెమెరా చాలాచోట్ల ఇదే.

రీలు ఎక్కించడమే ఒక తంతు. ఎండలో ఎక్కించకూడదు. ఏ వసారాలోనో నీడన కూర్చుని, ఫిల్ము వెనక ఉండే కాగితం కొసను ఖాళీ చుట్ట చీలికలో దూర్చి, రెండు చుట్లు తిప్పి, మూత బిగించాలి. ఆ తర్వాత ఎర్ర కిటికీకి కన్ను ఆనించి ఒకటో అంకె కనబడేదాకా మెల్లగా తిప్పాలి. తొందరపడి అంకె దాటిస్తే ఒక ఫొటో పోయినట్టే. ఫొటో తీశాక తిప్పడం మరిచిపోతే బారసాల పిల్లాడి మీద గుడి గోపురం వచ్చి కూర్చుంటుంది. 12 అయ్యాక రీలంతా అవతలి చుట్టకు ఎక్కించి, బయటికి తీసి, చివరి పట్టీని నాలుకతో తడిపి అంటించాలి. ఆ పట్టీ తడిపే పని నాదంటే నాదని పిల్లలు కొట్లాడుకునేవాళ్ళు.

ప్రపంచంలో ఫొటోల సరదా ఉన్నవాళ్ళు ఇలాంటివాటిని బొమ్మ కెమెరాలు అంటారు. పేరు చూసి తీసిపారేయకూడదు. మంథని, పెద్దపల్లి, జగిత్యాల, మంచిర్యాల ప్రాంతాల గడిచిన అరవై ఏళ్ళ సాంఘిక చరిత్రలో మన మనుషులు తమను తాము తీసుకున్న భాగమంతా ఈ డబ్బాల్లోనే ఉంది. మిగతాదంతా ఇతరులు మనల్ని తీసినదే.

హైదరాబాద్ సంస్థానంలో ఫొటో అంటే ముందుగా చెప్పుకోవాల్సిన పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో సర్కారు కొలువు చేసినవాడు. ఆ తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ని ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా నియమించాడు. ఆయన గాజు పలకల మీద కోటలు, మహళ్ళు, వేటలు, విందులు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిముందు ఎవరైనా తల వంచాల్సిందే. కానీ ఆ కెమెరా మోయడానికే మనుషులు కావాలి, ఎదుట నిలబడడానికి హోదా కావాలి. గోదావరి ఒడ్డున నాట్లు వేసే మనిషికి దానితో పనేముంది?

అదే కాలంలో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ వేరే దారి పట్టాడు. 1888లో అతని కొడాక్ కెమెరా 100 ఫొటోల ఫిల్ము నింపుకొని 25 డాలర్లకు అమ్ముడైంది. ఫొటోలు అయిపోగానే కెమెరానే కంపెనీకి పంపితే వాళ్ళే కడిగి, అచ్చువేసి, కొత్త ఫిల్ము వేసి తిప్పి పంపేవారు. 1900లో వచ్చిన బ్రౌనీ అట్టతో చేసిన పెట్టె. ధర ఒక్క డాలర్. పిల్లలకోసం అన్నారు గానీ పెద్దలు కూడా కొన్నారు, ఊళ్ళు చూడబోతూ వెంట పట్టుకెళ్ళారు. సరదాగా దేశాలు తిరుగుతూ చౌక కెమెరాతో ఫొటోలు తీసుకునే అలవాటుకు మూలం ఆ అట్టపెట్టెలో ఉంది.

ఆ పెట్టె తమ్ముడు మన దగ్గరికి రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. ఈలోగా స్టూడియోలదే రాజ్యం. కేరళలోని ఆలప్పుళలో తయారైన వాగీశ్వరి కెమెరాలు, టేకు చెక్కవి, దేశమంతా స్టూడియోలకు చేరాయి. నల్లగుడ్డ కింద ఫొటోగ్రాఫర్ తల, వెనక రంగులేసిన తెర, ఊపిరి బిగబట్టిన కొత్త దంపతులు. ఎర్రబల్బు వెలిగే చీకటి గదిలో డెవలపర్ వాసన, హైపో వాసన. ముఖం మీద మచ్చను పెన్సిల్‌తో తీసేసే టచింగ్ పని. బ్రోమైడ్ కాగితం మీద ముఖం పైకి తేలిరావడం ఒక్కసారి చూసినవాళ్ళు దాన్ని ఎన్నటికీ మరచిపోరు.

క్లిక్-త్రీ వచ్చాక ఫొటో తెర ముందునుంచి వాకిట్లోకి వచ్చింది. మంథని లాంటి ఊళ్ళో ఆ కెమెరా ఉన్న ఇల్లంటే ఏ బడిపంతులుదో, బొగ్గుబావి ఉద్యోగిదో. వాడకట్టులో పెళ్ళయినా, పండుగయినా ఆ ఇంటికి కబురు వెళ్ళేది. ‘అన్నా, జర నీ కెమెరా పట్టుకొని రావే’ అంటే కాదనే మనిషి లేడు. రీలు ఖర్చు పిలిచినవాళ్ళది. 12 ఫొటోల్లో ఎవరెవరు పడాలన్నది ముందే పెద్దలు కూర్చుని తేల్చేవారు. ముసలమ్మ ఒంటరిగా ఒకటి, కొడుకులతో ఒకటి. బర్రెకు కూడా ఒకటి దక్కిన ఇళ్ళున్నాయి. ఏ స్టూడియో తెర ముందు నిలబడగలదు బర్రె?

గోదావరి పుష్కరాలు వస్తే కెమెరాకు పెద్ద పని. 1979లో, 1991లో మంథని రేవుల్లో మునిగిన కుటుంబాలు తడిబట్టలతో గట్టు మీద వరసగా నిలబడి దిగిన ఫొటోలు ఇప్పటికీ ఇళ్ళల్లో దొరుకుతాయి. పుష్కరాలు వచ్చేది వానకాలంలో. ఆకాశం మూసుకుని ఉంటుంది, నీళ్ళేమో మెరుస్తుంటాయి. మీట ఎండ వైపు పెట్టాలా మబ్బు వైపు పెట్టాలా? ఇలాంటి కెమెరాల్లో షట్టర్ మందకొడిది, సెకనులో ముప్ఫయ్యో వంతు దగ్గర తిరుగుతుంది. చెయ్యి వణికితే నది వణుకుతుంది. ఒంటి కటకం కాబట్టి నడిమధ్య ముఖం స్పష్టంగా వస్తుంది, అంచుల్లో నిలబడ్డ మేనత్తలు పలచబడి పొగలా కనిపిస్తారు. ఎవరిని మధ్యలో నిలబెట్టారో చూస్తే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లేదో కూడా తెలుస్తుంది.

రీళ్ళు ఎక్కడివి? తూర్పు జర్మనీ ఓర్వో ఫిల్ము కొంత. ఊటీలోని హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ కొంత. కేంద్ర ప్రభుత్వం 1960లో పెట్టిన ఆ కర్మాగారం 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ప్రపంచంలో అతికొద్ది దేశాలు మాత్రమే సొంతంగా ఫిల్ము చేసుకునే రోజుల్లో మనం చేసుకున్నాం. 1996 నాటికి అది ఖాయిలా పరిశ్రమల జాబితాకెక్కింది. ఆ ఫ్యాక్టరీ గురించి మనవాళ్ళు రాసింది చాలా తక్కువ, నాకది బాధగా ఉంటుంది.

ఇక దుబాయి కెమెరాల సంగతి. 1970లలో మొదలైన గల్ఫ్ ప్రయాణం జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఊళ్ళకు ఊళ్ళను కదిలించింది. మంథని వైపు బొగ్గుబావుల కొలువులు కొంత ఆపినా, ఇక్కణ్ణుంచీ పోయారు. బొంబాయి దాకా రైలు, ఏజెంట్ల చుట్టూ తిరుగుడు, ఆపైన విమానం. 1957 నుంచి ఇరవై ఏళ్ళు మంథనికి శాసనసభ్యుడిగా ఉన్న పి.వి. నరసింహారావు 1980లో విదేశాంగ మంత్రి అయ్యారు. ఆయన శాఖ ఇచ్చే పాస్‌పోర్టే ఇలా పోయిన కుర్రాళ్ళ చొక్కా జేబుల్లో ఉండేది. చాలామందికి జీవితంలో మొదటి ఫొటో ఆ పాస్‌పోర్టు కోసం దిగిందే. చెవులు రెండూ కనబడాలి, నవ్వకూడదు.

రెండో ఫొటో మాత్రం వాళ్ళ ఇష్టప్రకారం దిగారు. గల్ఫ్‌లో అప్పట్లో సెలవు శుక్రవారం. ఆ రోజు గదిలో ఒకరి దగ్గరున్న ప్లాస్టిక్ కెమెరా అందరిదీ. మంథని దగ్గరి ఒక ఇంట్లో నేను చూసిన ఆల్బమ్‌లో అన్నీ శుక్రవారాలే. ఇస్త్రీ చొక్కా, కళ్ళద్దాలు, ఎవరిదో కారు బానెట్ మీద చెయ్యి. దుబాయి క్రీక్‌లో పడవ అంచున కూర్చుని ఒకటి. 1979లో కట్టి తెరిచిన 39 అంతస్తుల వరల్డ్ ట్రేడ్ సెంటర్ వెనకాల కనబడేలా ఒకటి. దాంట్లో మనిషి నడుము దాకా ఉన్నాడు, భవనం మాత్రం పూర్తిగా వచ్చింది. తెరిచిన ఫ్రిజ్ ముందు నిలబడి ఇంకొకటి. ఇటుకలు మోసే ఫొటో, ఇనుము వంచే ఫొటో ఒక్కటీ లేదు. ఇంట్లో వాళ్ళకు చూపించాల్సిందేమిటో తీసినవాడికీ దిగినవాడికీ తెలుసు. వెనక్కి తిప్పితే నీలి సిరాతో నాలుగు మాటలు: అందరం బాగున్నం, పైసలు పంపిన, చిన్నోని ఫోటువ పంపుండ్రి.

చిన్నోడి ఫొటో అంటే తండ్రి దుబాయి వెళ్ళాక పుట్టిన పిల్లాడిది. అది తీయడానికి మళ్ళీ ఆ పాత క్లిక్-త్రీ ఇంటికే కబురు. అటునుంచి రంగుల ఫొటోలు, ఇటునుంచి నలుపు తెలుపు. మాటలు రికార్డు చేసిన క్యాసెట్లు కూడా ఇలాగే తిరిగేవి. రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వచ్చేవాడి పెట్టెలో కంబళి, సెంటు సీసా, టూ-ఇన్-వన్‌తో పాటు యాషికా కెమెరా ఉండేది. అదే కాలంలో ఇక్కడ ఫొటోఫోన్ కంపెనీ హాట్‌షాట్ కెమెరా పట్నాల్లో మోజుగా అమ్ముడుపోయింది. బొత్తాం నొక్కితే చాలు, తిప్పలు లేవు.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించాక, అమ్మాన్ మీదుగా మన ప్రభుత్వం లక్ష మందికి పైగా మనవాళ్ళను ఇంటికి చేర్చింది. చేతికి అందింది పట్టుకుని వచ్చినవాళ్ళే ఎక్కువ. గదుల్లో వదిలేసిన సామానుకు లెక్క కట్టారు, పరిహారాలూ వచ్చాయి. అక్కడే వదిలేసిన ఆల్బమ్‌లకు ఎవరు లెక్క కడతారు?

ఈ కథకు ఇంకో కొస ఉంది. 1982 ప్రాంతంలో హాంకాంగ్‌లో లీ టింగ్-మో అనే ఆయన హోల్గా అనే ప్లాస్టిక్ కెమెరా చేశాడు. అదీ 120 రీలుదే. చైనా కార్మిక కుటుంబాలు ఇంటి ఫొటోలు తీసుకోవాలని ఆయన ఉద్దేశం. దాని మీదా ఎండ, మబ్బు బొమ్మలున్నాయి. పాత మోడళ్ళలో ఆ మీట ఎటు జరిపినా తేడా ఉండేది కాదు! కొద్దికాలానికే 35 మిల్లీమీటర్ల ఫిల్ము వచ్చి ఆ బేరాన్ని ముంచింది. కానీ అమెరికా, యూరప్‌లలో కళాకారులకు అదే నచ్చింది. మూలల్లో ముసిరే చీకటి, మూత సందుల్లోంచి దూరే వెలుగు చారలు, మసక అంచులు. 2000లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీచేసిన అల్ గోర్ ప్రచారంలో ఫొటోగ్రాఫర్ డేవిడ్ బర్నెట్ హోల్గాతో తీసిన ఫొటోకు బహుమతి కూడా వచ్చింది. 1991లో వియన్నా విద్యార్థులు ప్రాగ్‌లో రష్యన్ లోమో కెమెరా కొని ముచ్చటపడి, మరుసటి ఏడు ఏకంగా సంఘమే పెట్టారు. ఇప్పుడు ప్రపంచమంతా ఈ కెమెరాలు మెడలో వేసుకుని దేశాలు తిరిగే సరదారాయుళ్ళున్నారు. హైదరాబాద్ కుర్రకారులోనూ ఉన్నారు.

వాళ్ళంటే నాకు ఇష్టమే. మా గడపల్లో గుండెలు బాదుకున్న లోపాలనే వాళ్ళు కావాలని కోరుకుంటారు. రీలు కడిగించి తెచ్చాక అమ్మమ్మ ముఖం మీద వెలుగుచార పడితే మాకు అది అందం కాదు, ఇంకో అవకాశం లేని నష్టం. అయినా ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకటే డబ్బా. దుబాయి క్రీక్‌లో పడవ అంచున కూర్చున్న ఆ పనివాడిని విదేశాల్లో చౌక కెమెరాతో ఫొటోలు తీసుకున్న తొలి తెలుగు యాత్రికుల్లో ఒకడిగా నేను లెక్కిస్తాను. సరదాకు పోలేదు గానీ, శుక్రవారం పూట అతని సరదా అదే.

ఇప్పుడు ఫిల్ము పట్టుకుని విమానమెక్కేవాళ్ళకు ఒక మాట. రీళ్ళను లోడుకిచ్చే పెట్టెలో పెట్టవద్దు, అక్కడి ఎక్స్‌రే బలమైనది, ఫిల్ము మసకబారుతుంది. చేతిసంచిలో, పారదర్శకమైన కవరులో పెట్టి చేతితో పరీక్షించమని అడగండి. కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లు చేతిసంచిలోని ఫిల్మునూ పాడుచేస్తాయి. గల్ఫ్ ఎండకు కారులో వదిలేసినా అంతే.

ఇంట్లో పాత ఫొటోలున్నవాళ్ళకు ఇంకా ముఖ్యమైనది. 1985లో దుబాయి నుంచి వచ్చిన రంగుల ఫొటోలు ఈపాటికి ఎర్రబారి ఉంటాయి. ఆనాటి రంగుల్లో నీలిమ త్వరగా పోతుంది. 1965 నాటి క్లిక్-త్రీ నలుపు తెలుపు నెగెటివ్‌లో ఉన్నది వెండి. సరిగ్గా కడిగి, తేమ తగలకుండా ఉంచితే అది మనకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. కాబట్టి ముందు కాపాడాల్సింది కొత్తవాటిని. గోడకు వేలాడే అద్దాల్లోంచి వానకాలం రాకముందే తీయండి. అద్దానికి అతుక్కుపోతే పీకవద్దు, అద్దంతో సహా ఫొటో తీయించండి. నెగెటివ్‌లను ప్లాస్టిక్ సంచిలో కుక్కకుండా ఒక్కొక్కటీ ఆమ్లం లేని కాగితంలో చుట్టి దాచండి. వాటిని అంచులు పట్టుకుని తెల్లటి వెలుగు తెర మీద పెట్టి ఫోన్‌తో తీసినా పని నడుస్తుంది. వెనక రాసిన నాలుగు మాటలను కూడా తీయండి. ముఖాలను గుర్తుపట్టే అవ్వ, పెద్దవ్వ ఉండగానే ఎవరెవరో పేర్లు రాయించుకోండి.