కొడైకెనాల్ బడి: 125 ఏళ్ల పెంపకం

మిషనరీల పిల్లల కోసం 1901లో మొదలైన మన కొడైకెనాల్ స్కూలుకు 125 ఏళ్లు నిండుతున్నాయి. ఈ సందర్భంగా భవనాల గురించీ ప్రిన్సిపాళ్ల గురించీ రాసేవారు చాలామంది ఉన్నారు. ఇక్కడ చదువు చెప్పినదాన్ని కాబట్టి నేను టీచర్ల పని గురించి రాస్తాను.

మదురైలోని అమెరికన్ మిషన్ వారు 1845లో ఈ కొండ మీద ఇళ్లు కట్టుకున్నది జ్వరాలకు భయపడే. మైదానంలో కలరా, మలేరియా దొరల ఇళ్లలో పసిపిల్లల్ని పొట్టన పెట్టుకునేవి. బతికి బట్టకట్టిన పిల్లలకు మరో కష్టం ఉండేది. కాస్త ఎదగగానే చదువుకోసం ఓడెక్కించి అమెరికాలో బంధువుల దగ్గరికి పంపేవారు. మళ్లీ అమ్మానాన్నల్ని చూసేసరికి ఏళ్లు గడిచిపోయేవి. వెల్లూరు ఆసుపత్రి పేరు వినని తెలుగువారు ఉండరు. దాన్ని స్థాపించిన ఐడా స్కడర్ బాల్యమూ ఇలాంటిదే. ఆమెను షికాగోలో బంధువుల ఇంట ఉంచి తల్లి ఇండియాకు తిరిగి వచ్చింది.

ఆ ఎడబాటు తప్పించాలనే హైక్లర్క్ అనే హోటల్ ఆవరణలో బడి తెరిచారు. మొదట్లో బడికీ అదే పేరు. తొలి ప్రిన్సిపాల్ మార్గరెట్ ఎడ్డీ. మోటారు రోడ్డు పడకముందు పిల్లల్ని డోలీల్లో కూర్చోబెట్టి కూలీలు దాదాపు 7,000 అడుగుల ఎత్తుకు మోసుకొచ్చేవారు. మన గుంటూరు, రాజమండ్రి లూథరన్ మిషన్ల పిల్లలూ, నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టుల పిల్లలూ ఇక్కడ చదివారు.

అప్పటి బడి క్యాలెండర్ చూస్తేనే ఆ తొలి ఉద్దేశం తెలుస్తుంది. మన బళ్లకు ఎండాకాలం సెలవులు. ఇక్కడ ఎండాకాలంలోనే చదువు. ఏప్రిల్, మే నెలల్లో తల్లిదండ్రులు కొండెక్కి వస్తే పిల్లలు వాళ్లతో ఉండి బడికి వెళ్లేవారు. పెద్ద సెలవులు చలికాలంలో ఇచ్చేవారు, మైదానంలో వాతావరణం చల్లబడి ఉంటుంది కనుక. అలా క్రిస్మస్ ఇంట్లో జరిగేది.

మిగిలిన నెలలు పిల్లలు మా చేతుల్లో ఉండేవారు. హాస్టల్లో పిల్లల్ని చూసుకునే డార్మ్ పేరెంట్లు, టీచర్లు కలిసి పెంచాలి. 1970లలో నేను చేరేనాటికి మిషనరీ కుటుంబాలు తగ్గుతున్నాయి గానీ పిల్లలు ఆదివారం ఇంటికి ఉత్తరాలు రాయడం మానలేదు. పసివాడు "నేను బాగున్నాను" అని గబగబా రాసేస్తాడు. ఆ తర్వాత పెన్సిల్ ఆగిపోతుంది. పక్కన కూర్చుని, ఈ వారం వాన పడిందా, బూట్లు ఎక్కడ తడిశాయి అని అడిగితే రెండో వాక్యం వస్తుంది. "ఆ ఉత్తరంలో తప్పులు దిద్దకు. వాళ్లమ్మ చదువుకునేది వాడి రాతను," అని ఓ సీనియర్ టీచర్ నాకు చెప్పారు. నేనెన్నడూ దిద్దలేదు. గుంటూరు వైపు పిల్లలు ఆయాల దగ్గర నేర్చిన తెలుగులో నన్ను ఆవకాయ అడిగేవారు. బెంగ పెట్టుకున్నారని అప్పుడు తెలిసేది. క్లాసులో వాళ్లు చదివేది అమెరికా చరిత్ర, ముందు ముందు అక్కడి కాలేజీల్లో ఇమడాలి కదా. నోట్లో మాత్రం మన ఊళ్ల రుచి.

అందరికీ ఇక్కడి జీవితం సుఖంగా సాగిందని అనను. సముద్రాలు దాటే ఎడబాటు తప్పింది కానీ నెలల ఎడబాటు మిగిలింది. ఏడేళ్ల వయసులో అది చిన్నదేమీ కాదు. ఆ బరువు కొంత మోయడమే మా పని అయింది. క్లాసులో పాఠం దానికి తోడుగా సాగేది.

1976లో దేశంలో మొదటిసారి ఐ.బి. (ఇంటర్నేషనల్ బకలారియట్) చదువు ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు పలు దేశాల పిల్లలతోపాటు భారతీయ పిల్లలూ చదువుతున్నారు. ఇల్లు వదిలి చదివే పిల్లలు ఇక్కడే కాదు, మన తెలుగునాటా ఎందరో హాస్టళ్లలోనే పెరుగుతున్నారు. వాళ్ల ర్యాంకులు చూసేవారికి కొదవ లేదు. ఎవరు అన్నం మానేశారో, ఎవరు నాలుగు రోజులుగా మాట్లాడటం లేదో గమనించే పెద్దమనిషి ప్రతి హాస్టల్లోనూ ఉండాలి. ఆ పనికి సమయమిచ్చి, జీతమిచ్చి, గౌరవమిచ్చి మనుషుల్ని నిలుపుకున్న బడిని తల్లిదండ్రులు నమ్మవచ్చు. కొత్తగా చేరే టీచర్లు ఆ పనిని సిలబస్ కన్నా ముందు నేర్చుకోవాలని కోరుతున్నాను.