మెడలో పైపు, తెర మీద గడి

కొన్నేళ్ళ క్రితం రియాద్‌లో ఒక ఆసుపత్రి (పేరెందుకు లెండి) కాగితాలన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించే పని మా కంపెనీకి వచ్చింది. నా వంతుకి ఐసీయూ ఫారాలు పడ్డాయి. మందుల చీటీలు, బీపీ చార్టులు తేలిగ్గానే అయిపోయాయి. పేచీ వచ్చింది ఒక్క ఫారం దగ్గరే. అది సెంట్రల్ లైన్ ఫారం.

అదేమిటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సెలైన్ ఎక్కించడానికి చేతి నరానికి సూది గుచ్చుతారు కదా (నిజానికి అది నరం కాదు, సిర. కానీ మనకి అన్నీ నరాలే!). సెంట్రల్ లైన్ దానికి పెద్దన్న. మెడలోనో, కాలర్ ఎముక కిందో, తొడ మొదట్లోనో ఉన్న పెద్ద సిరలోకి సన్నటి గొట్టం దూరుస్తారు. మెడ దగ్గర వేస్తే దాని కొస గుండె గుమ్మం దాకా చేరుతుంది. చేతి సిరలు తట్టుకోలేని ఘాటు మందులకీ, అత్యవసరంగా డయాలసిస్ చెయ్యాల్సినవాళ్ళకీ, పేగులు పనిచెయ్యనివాళ్ళకి తిండి ఎక్కించడానికీ అదే దారి. గల్ఫ్‌లో మనవాళ్ళు "మెడలో పైపేశారు" అంటారు.

ఆ ఫారంలో చివరి గడి ఇది: "ఈ రోజు ఈ లైను ఇంకా అవసరమా?" రోజూ నింపాలి, నింపకపోతే పేజీ ముందుకి కదలదు. క్లిక్కులు ఎక్కువైపోతున్నాయని డాక్టర్లు గోల పెట్టారు. కస్టమరే దేవుడు కదా, నింపకపోయినా ఫర్వాలేదన్నట్టు మార్చేశాను. ఐదు నిమిషాల పని. అక్కడ పనిచేసే నెల్లూరు సిస్టర్ ఒకావిడ చూసి, "సార్, అది ఎందుకు పెట్టారో తెలుసుకుని అప్పుడు తియ్యండి" అంది. నేను తెలుసుకోలేదు.

రెండు నెలల తర్వాత ఆవిడే చెప్పింది. నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరుకి మెడలో లైను అవసరం తీరిపోయాక కూడా నాలుగు రోజులు అలాగే ఉండిపోయిందట. చలిజ్వరం వచ్చి, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకి, ఇంకో మూడు వారాలు మంచం మీదే ఉన్నాడు. అదృష్టం బాగుండి బతికాడు. నీ గడి వల్లే అని ఎవరూ అనలేదు, ఆవిడా అనలేదు. కానీ నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు మొదలుపెట్టాను ఈ గొట్టం చరిత్ర చదవడం.

కథ 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్ అనే చిన్న ఊళ్ళో మొదలవుతుంది. వెర్నర్ ఫోర్స్‌మన్ అని అప్పుడే చదువు ముగించిన కుర్ర డాక్టరు. చేతి సిరలోంచి గొట్టం పంపితే గుండె దాకా వెళ్తుందని అతని నమ్మకం. పై డాక్టరు వద్దన్నాడు. పరికరాలేమో గెర్డా డిట్జెన్ అనే నర్సు అధీనంలో ఉన్నాయి. కావాలంటే నా మీదే చెయ్యమందావిడ. సరేనని ఆమెని బల్లకి కట్టేసి, ఆమె చూడకుండా తన చేతినే కోసుకుని, మూత్రనాళానికి వాడే గొట్టాన్ని 65 సెంటీమీటర్ల దాకా తోసుకున్నాడు! ఆ గొట్టంతోనే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి వెళ్ళి ఫోటో తీయించుకున్నాడు. గొట్టం కొస గుండెలో కనిపించింది.

సన్మానం చేశారనుకుంటున్నారా? బెర్లిన్‌లో పెద్ద సర్జన్ సావర్‌బ్రుక్ దగ్గర చీవాట్లు మిగిలాయి. చివరికి మూత్రకోశ వైద్యంలోకి వెళ్ళిపోయాడు. అమెరికాలో కూర్నాండ్, రిచర్డ్స్ అనే ఇద్దరు ఈ దారిని పెంచి పెద్ద చేశాక, 1956లో ఆ ఇద్దరితో పాటు ఇతనికీ నోబెల్ వచ్చింది.

ఆ తర్వాత కథ వేగంగా నడుస్తుంది. 1952లో ఒబానియాక్ అనే ఫ్రెంచి సర్జన్ కాలర్ ఎముక కింద సిరని పట్టుకునే పద్ధతి ప్రచురించాడు. 1953లో స్టాక్‌హోమ్‌లో సెల్డింగర్ ఒక చిట్కా కనిపెట్టాడు. సూది గుచ్చు, సూదిలోంచి సన్న తీగ పంపు, సూది తీసెయ్యి, తీగ మీదుగా గొట్టం ఎక్కించు, తీగ లాగెయ్యి. ఇంతే. కోత లేదు. ఇవాళ ప్రపంచంలో ఏ ఐసీయూలో చూసినా ఇదే. 1960లలో పెన్సిల్వేనియాలో డుడ్రిక్ కుక్కపిల్లలకి కేవలం సిర ద్వారానే తిండి ఎక్కించి పెంచి చూపించాడు. ఆ తర్వాత పసిపిల్లలకీ అదే దారి అయింది.

దారి తేలికైన కొద్దీ అందరూ నడిచారు, కాళ్ళు విరిగినవాళ్ళూ ఎక్కువయ్యారు. సూది కాస్త పక్కకి పోతే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. సిర అనుకుని ధమనిని పొడవొచ్చు. మెడ సిరలోకి గాలి పీల్చుకోవచ్చు, అందుకే మంచాన్ని తల వైపు కిందికి వంచుతారు. తీగని చేతిలోంచి వదిలితే అది లోపలికే జారిపోవచ్చు. చాలాకాలం దీనికి శిక్షణ అంటే సీనియర్ చేస్తుంటే ఒకసారి చూడటం, తర్వాత తనే చెయ్యడం, ఆ తర్వాత ఇంకొకరికి నేర్పడం. నేర్చుకున్నది ఎవరి మెడ మీదో వేరే చెప్పక్కర్లేదు. 2002లో బ్రిటన్‌లో నైస్ సంస్థ మెడ సిర విషయంలో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వెయ్యమని సిఫారసు చేసింది. చూస్తూ గుచ్చడం మొదలయ్యాక గుడ్డి పోట్లు తగ్గాయి.

కానీ ఇన్ఫెక్షన్ అలా లొంగలేదు. అది గుచ్చే చేతి నేర్పుకి సంబంధించింది కాదు మరి.

2001లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో జోసీ కింగ్ అనే ఏడాదిన్నర పాప చనిపోయింది. కాలిన గాయాలతో చేరి కోలుకుంటున్న పిల్ల వరుస పొరపాట్లకి బలైంది. అదే ఆసుపత్రిలో పీటర్ ప్రోనోవోస్ట్ అనే డాక్టరు అయిదు పనుల జాబితా రాశాడు. చేతులు కడుక్కో. చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడువు. టోపీ, మాస్కు, గౌను, రోగి ఒంటినిండా స్టెరైల్ గుడ్డ. వీలైతే తొడ దగ్గర వెయ్యకు. అవసరం లేని లైను తీసెయ్యి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. మిషిగన్ రాష్ట్రంలో 103 ఐసీయూలలో అమలు చేసి 2006లో లెక్కలు చెప్పారు. లైను ఉన్న ప్రతి 1000 రోజులకి సగటున 7.7 ఇన్ఫెక్షన్లు ఉండేవి, ఏడాదిన్నరలో 1.4కి దిగాయి.

ఆ అయిదోదే నేను ఐచ్ఛికం చేసిపారేసిన గడి.

ఈ జాబితాతో పాటు ఇంకో మాట ఉంది. డాక్టరు ఒక మెట్టు తప్పితే నర్సు "ఆగండి" అనొచ్చు. ఈ ఒక్క మాటే సౌదీలో అన్నిటికన్నా కష్టం అనిపించింది నాకు. ఈ దేశం ఆసుపత్రులు కట్టిన వేగం మామూలుది కాదు. రియాద్‌లో కింగ్ ఫైసల్ స్పెషలిస్ట్ ఆసుపత్రి 1975లో తెరిచారు. 1979కల్లా దేశంలో మొదటి కిడ్నీ మార్పిడి జరిగింది. 1990 నుంచి అతుక్కుపుట్టిన కవలల్ని వేరుచేస్తున్నారు. వైద్యుల శిక్షణకీ, అర్హతలకీ 1992లో ప్రత్యేకంగా కమిషన్ పెట్టారు. కానీ మంచం పక్కన నిలబడే మనిషి ఎవరు? మనీలా నుంచి ఒకరు, కొట్టాయం నుంచి ఒకరు, నెల్లూరు నుంచి ఒకరు. ఒక్కొక్కరు ఒక్కో చోట నేర్చుకుని వచ్చినవాళ్ళు. ఇఖామా, కాంట్రాక్టు గుర్తొస్తుంటే పెద్ద డాక్టరుని ఆగమనడం అంత తేలికా? ఆ మాట ఆవిడ బదులు తెర మీది గడి అంటుంది. పేజీ కదలకపోతే ఎవరి ఉద్యోగమూ పోదు. ఇది నాకు ఆలస్యంగా వెలిగింది.

2013లో అల్ అహ్సా ప్రాంతంలో మెర్స్ వ్యాధి పాకినప్పుడు నాకు మళ్ళీ ఇదే గుర్తొచ్చింది. అది గొట్టం వల్ల వచ్చింది కాదు, వైరస్. కానీ అంటుకున్నది డయాలసిస్ గదుల్లో, ఐసీయూలో, వార్డుల్లో. నిర్ధారణ అయినవి 23 కేసులు, అందులో 21 ఆసుపత్రుల్లోనే ఒకరి నుంచి ఒకరికి వచ్చినవని తేల్చారు. అది పరిశోధించినవాళ్ళలో జాన్స్ హాప్కిన్స్ డాక్టరు ట్రిష్ పెర్ల్ కూడా ఉన్నారు. అక్కడా కావలసింది మళ్ళీ చేతులు కడగడం, మాస్కు, మంచానికీ మంచానికీ ఎడం లాంటి మామూలు పనులే.

ఇంతకీ నా గడి ఏమైందంటే, వెనక్కి పెట్టేశాను. క్లిక్కుల గోల మళ్ళీ వచ్చింది. ఈసారి నేను వివరించగలిగాను కాబట్టి ఎక్కువసేపు నిలవలేదు. సిస్టర్ చూసి "మంచిది సార్" అని తన పనిలోకి వెళ్ళిపోయింది.

మనవాళ్ళ కోసం ఒక మాట. ఉద్దానం కిడ్నీ రోగుల నుంచి గల్ఫ్‌లో షుగరు ముదిరిన అన్నదమ్ముల దాకా, మెడలో పైపుతో డయాలసిస్ మొదలుపెట్టే తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ఆ పైపు తాత్కాలికం. చేతిలో ఫిస్టులా చేయించుకుంటే ఇన్ఫెక్షన్ భయం చాలా తక్కువ, వీలుంటే ముందుగానే అడగండి. ఆసుపత్రిలో మీవాళ్ళకి లైను ఉంటే రోజుకోసారి మర్యాదగా అడగండి: "డాక్టరు గారూ, ఇది ఇంకా అవసరమా?" విసుక్కుంటే విసుక్కోనివ్వండి.