కెప్టెన్‌ను ఊరే పంపేది

1976, 1977, 1978. వరుసగా మూడేళ్లు ఐర్లండ్ జాతీయ హర్లింగ్ కిరీటం కార్క్ కౌంటీదే. జట్టులో ఎక్కువమంది మూడేళ్లూ వాళ్లే. కప్పు అందుకున్న కెప్టెన్ మాత్రం ఏటా మారాడు. మొదటి ఏడు రే కమిన్స్, మరుసటి ఏడు మార్టిన్ ఓడోహర్టీ, ఆ పైయేడు చార్లీ మెకార్తీ. కప్పు గెలిచి తెచ్చిన కెప్టెన్‌ను మార్చడమేమిటని మనకు అనిపిస్తుంది. కార్క్‌లో ఎవరికీ అనిపించలేదు. అక్కడ దశాబ్దాల పాటు నడిచిన ఆనవాయితీ ఒకటుండేది. కౌంటీలోని క్లబ్బుల మధ్య జరిగే సీనియర్ ఛాంపియన్‌షిప్‌ను ఎవరు గెలిస్తే, మరుసటి ఏడాది కౌంటీ జట్టుకు కెప్టెన్ ఎవరో చెప్పే హక్కు ఆ క్లబ్బుకే ఉండేది. 1975లో బ్లాక్‌రాక్ గెలిచింది, కమిన్స్ ఆ క్లబ్ మనిషి. 1976లో గ్లెన్ రోవర్స్ గెలిచింది, ఓడోహర్టీ కెప్టెన్ అయ్యాడు. 1977లో సెయింట్ ఫిన్‌బార్స్ గెలిచింది, మెకార్తీ వంతు వచ్చింది. దేశమంతా చూసే ఫైనల్లో జట్టును ఎవరు నడపాలన్నది అంతకు ముందు ఏడాది ఊళ్ల మధ్య జరిగిన పోటీలోనే తేలిపోయేది.

హర్లింగ్ ఆటను చూడని వాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. జట్టుకు 15 మంది. చేతిలో యాష్ చెట్టు కలపతో చెక్కిన కర్ర, చివర వెడల్పుగా ఉంటుంది, దాని పేరు హర్లీ. తోలు తొడిగిన బంతి క్రికెట్ బంతి అంతే ఉంటుంది, బరువు మాత్రం తక్కువ. దాన్ని నేలమీద కొట్టవచ్చు, గాలిలో కొట్టవచ్చు, హర్లీ చివర నిలబెట్టుకుని పరుగెత్తవచ్చు, కాసేపు చేత్తోనూ పట్టుకోవచ్చు. అడ్డకర్ర కింద నుంచి వలలోకి పంపితే మూడు పాయింట్లు, పై నుంచి పంపితే ఒకటి. హెల్మెట్ తప్పనిసరి అయింది 2010లోనే. అంతకు ముందు తరాలు ఎక్కువగా ఒట్టి తలతోనే ఈ కర్రల మధ్య ఆడాయి. ఎంత పెద్ద ఆటగాడికైనా జీతం లేదు. ఆదివారం వేల మంది ముందు ఆడినవాడు సోమవారం పొద్దున బడిలో పాఠం చెబుతాడు, లేదా పొలానికో ఫ్యాక్టరీకో పోతాడు.

ఆట చాలా పాతది. 1366 నాటి కిల్కెన్నీ శాసనాలు దాన్ని నిషేధించాయి, అంటే అప్పటికే జనం విడవకుండా ఆడుతున్నారన్నమాట. దానికి నియమాలు, సంఘం ఏర్పడ్డది మాత్రం 1884 నవంబర్ 1న. టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, హేస్ హోటల్లో మైకేల్ కుసాక్, మారిస్ డావిన్ మరికొందరు కూర్చుని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. బ్రిటిష్ పాలనలో ఉన్న దేశానికి తన ఆటను తనకు తిరిగి ఇవ్వడం వాళ్ల లక్ష్యం. కార్క్ నగరానికి తూర్పున లీ నది ఒడ్డునున్న జాలర్ల పల్లె బ్లాక్‌రాక్‌లో క్లబ్ అంతకు ఒక ఏడాది ముందే, 1883లో పుట్టింది.

1887లో కౌంటీ ఛాంపియన్‌షిప్‌లు మొదలయ్యాయి, జాతీయ పోటీ కూడా ఆ ఏడాదిదే. అప్పట్లో కౌంటీ జట్టు అంటూ వేరే లేదు. కౌంటీలో గెలిచిన క్లబ్బే జాతీయ పోటీకి వెళ్లేది. తొలి ఫైనల్ 1888 ఏప్రిల్ 1న బిర్ పట్టణంలో జరిగింది. రికార్డుల్లో టిప్పరరీ గాల్వేను ఓడించిందని ఉంటుంది. నిజానికి ఆడింది థర్లెస్, మీలిక్ అనే రెండు ఊళ్లు. కార్క్‌కు 1890లో తొలి జాతీయ కిరీటం తెచ్చింది అగబలోగ్ అనే చిన్న గ్రామం. తర్వాత నియమం మారి, గెలిచిన క్లబ్ ఇతర క్లబ్బుల నుంచి ఆటగాళ్లను తీసుకునే వీలొచ్చింది. క్రమంగా కౌంటీ జట్టు విడిగా నిలబడింది. కెప్టెన్‌ను పేర్కొనే హక్కు మాత్రం గెలిచిన క్లబ్ దగ్గరే మిగిలింది. నా దృష్టిలో ఈ ఆట చరిత్రలో అన్నిటికన్నా విలువైన సంగతి ఇదే. ఇక్కడ కౌంటీ ఊళ్లను తయారుచేయలేదు, ఊళ్లే కౌంటీని తయారుచేశాయి.

ఆ తర్వాత దాదాపు వందేళ్లు కార్క్ ఛాంపియన్‌షిప్‌ను నగరంలోని మూడు క్లబ్బులు ఏలాయి. మొత్తం మీద బ్లాక్‌రాక్ 33 సార్లు, గ్లెన్ రోవర్స్ 27, సెయింట్ ఫిన్‌బార్స్ 26. కార్క్ జనం వీటిని పూర్తి పేర్లతో పిలవరు. రాకీస్, గ్లెన్, బార్స్ అంటారు. గెలిచినవాళ్లు ఎత్తే కప్పు బ్లాక్‌రాక్ పాతకాలపు డిఫెండర్ షాన్ ఓగ్ మర్ఫీ పేరు మీద ఉంది.

మూడింటిలో గ్లెన్ కథ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. నగరం ఉత్తరాన, తోళ్ల ఫ్యాక్టరీలూ సారాయి బట్టీలూ ఉన్న బ్లాక్‌పూల్ అనే కార్మికవాడ క్లబ్ అది. 1916లో పుట్టింది. డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగిన ఏడు అది. అక్కడ లా చదువుతున్న మన వరాహగిరి వెంకటగిరి ఐర్లండ్ విడిచి రావాల్సి వచ్చిన ఏడు కూడా అదే. గ్లెన్‌కు తొలి సీనియర్ కిరీటం రావడానికి 18 ఏళ్లు పట్టింది. 1934లో గెలిచింది. ఇక 1941 దాకా ఎవరికీ వదల్లేదు, వరుసగా ఎనిమిదేళ్లు.

ఆ విజయాల బలంతోనే జాక్ లించ్ అనే ఇరవై ఏళ్లు దాటీ దాటని కుర్రాడు కార్క్ కెప్టెన్ అయ్యాడు. 1939 సెప్టెంబర్ 3న, రెండో ప్రపంచ యుద్ధంలోకి బ్రిటన్ దిగిన రోజున, ఉరుములు మెరుపుల మధ్య జరిగిన ఫైనల్లో అతని జట్టు కిల్కెన్నీ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడింది. లించ్ కుంగిపోలేదు. 1941 నుంచి 1946 వరకు ఏడాదికొకటి చొప్పున ఆరు జాతీయ పతకాలు గెలిచాడు, ఐదు హర్లింగ్‌లో, ఒకటి గేలిక్ ఫుట్‌బాల్లో. బారిస్టర్ అయ్యాడు. తర్వాత ఐర్లండ్ ప్రధాని అయ్యాడు, రెండుసార్లు.

1941లో అదే గ్లెన్ జెర్సీ వేసుకున్న ఇంకొకడు క్రిస్టీ రింగ్. తూర్పు కార్క్‌లోని క్లోయిన్ గ్రామస్తుడు. వృత్తి ఆయిల్ లారీ డ్రైవర్. హర్లింగ్‌లో అంతటివాడు మరొకడు పుట్టలేదని ఐర్లండ్‌లో చాలామంది అంటారు. కార్క్ తరఫున ఎనిమిది జాతీయ పతకాలు, మూడుసార్లు కెప్టెన్‌గా కప్పు, గ్లెన్ తరఫున 14 కౌంటీ పతకాలు. లారీ డ్రైవర్, కాబోయే ప్రధాని ఒకే క్లబ్బులో, ఒకే జెర్సీలో ఆడారు. 1979 మార్చిలో రింగ్ చనిపోయినప్పుడు క్లోయిన్‌లో సమాధి దగ్గర నివాళి ప్రసంగం చేసింది అప్పటి ప్రధాని లించ్. ప్రభుత్వ మర్యాద కన్నా అది తోటి ఆటగాడి రుణం తీర్చుకోవడమనే నేననుకుంటాను.

1976లో కార్క్‌లో పార్క్ ఈ క్వీవ్ స్టేడియం తెరిచారు. మరుసటి ఏడు గ్లెన్, బార్స్ మధ్య కౌంటీ ఫైనల్‌కు 34,000 మందికి పైగా వచ్చారు. ఒక నగరంలోని రెండు పేటల మధ్య ఆటకు వచ్చిన జనం అది! ఆ పోటీ ఎంత గట్టిదో బయట కూడా తెలిసింది. జాతీయ స్థాయిలో క్లబ్బుల పోటీ 1971లో మొదలైతే, 1979 వరకు జరిగిన తొమ్మిదింటిలో ఏడు ఈ మూడు క్లబ్బులే గెలిచాయి. రాకీస్ మూడు, గ్లెన్ రెండు, బార్స్ రెండు.

ఆ పట్టు తర్వాత సడలింది. 1989 తర్వాత గ్లెన్ 2015 దాకా ఆగాల్సి వచ్చింది, 1993 తర్వాత బార్స్ 2022 దాకా. ఈ లోగా పల్లెలు లేచాయి. లిమరిక్ సరిహద్దు దగ్గర న్యూటౌన్‌షాండ్రమ్ అనే ఊరు 2000లో మొదటిసారి కౌంటీ గెలిచింది, 2004లో జాతీయ క్లబ్ కిరీటమే తెచ్చుకుంది. బెన్, జెర్రీ ఓకానర్ అనే కవలలు, వాళ్ల నాన్న శిక్షణ, నేలబారు దెబ్బల బదులు పరుగూ చేతి పాసులూ. పాత పద్ధతివాళ్లు మొదట పెదవి విరిచారు, తర్వాత అందరూ నేర్చుకున్నారు. ఆనవాయితీ ప్రకారం 2004లో కార్క్ కప్పు ఎత్తిన కెప్టెన్ బెన్ ఓకానరే.

మరుసటి ఏడు కెప్టెన్ షాన్ ఓగ్ ఓ హాల్పీన్. తల్లిది ఫిజీకి చెందిన రోటుమా దీవి, తండ్రిది ఐర్లండ్. సిడ్నీలో పెరిగి, 1988లో కుటుంబంతో కార్క్ వచ్చి, నగరం ఉత్తరాన నా పీర్సీ క్లబ్బులో ఆట నేర్చుకున్నాడు. 2004లో ఆ క్లబ్ కౌంటీ గెలిచింది కాబట్టే అతనికి కెప్టెన్సీ దక్కింది. 2005లో కప్పు అందుకుని ప్రసంగమంతా ఐరిష్ భాషలోనే చేశాడు. ఆ ఊరివాడు కావడానికి అక్కడే పుట్టాల్సిన పనిలేదని ఆ రోజు దేశమంతా చూసింది.

నా పీర్సీ 2004లో ఓడించింది రింగ్ పుట్టిన ఊరు క్లోయిన్‌ని. 2005లో క్లోయిన్ మళ్లీ ఫైనల్‌కు వచ్చి న్యూటౌన్‌షాండ్రమ్ చేతిలో ఓడింది. 2006లో ఎరిన్స్ ఓన్ చేతిలో. వరుసగా మూడు ఫైనళ్లు, మూడూ ఓటమే. ఆ జట్టులో ఉన్నది మామూలువాళ్లు కాదు. కార్క్‌కు 1999, 2004, 2005 జాతీయ కిరీటాలు తెచ్చిన గోల్‌కీపర్ డోనల్ ఓగ్ కుసాక్, అతని ముందు కొండలా నిలబడిన డిఫెండర్ డియర్మిడ్ ఓసల్లివన్, ఇద్దరూ క్లోయిన్ వాళ్లే. ఇంట్లో జాతీయ పతకాలున్నాయి. సొంత ఊరి జెర్సీలో కౌంటీ పతకం లేదు. రింగ్ విగ్రహం ఉన్న ఆ ఊరికి సీనియర్ కౌంటీ కప్పు రాకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

చిన్న క్లబ్బుల ఆటగాళ్లకు కార్క్ ఒక దారి వేసింది. కింది తరగతుల్లో ఆడే క్లబ్బులు ప్రాంతాలవారీగా కలిసి ఒక జట్టుగా సీనియర్ పోటీకి రావచ్చు. తూర్పున ఇమోకిలీ, ఉత్తరాన అవండూ, పడమర కార్బరీ, అలా. సొంత ఊరికే ఆడాలన్న ఆటలో ఈ కూడలి జట్లేమిటని పెద్ద క్లబ్బులవాళ్లు గొణుగుతారు. ఇమోకిలీ 2017 నుంచి 2019 వరకు వరుసగా మూడుసార్లు గెలిచినప్పుడు ఆ గొణుగుడు గట్టిపడింది. నేను మాత్రం ఆ జట్ల పక్షమే. అవే లేకపోతే సెయింట్ ఐటాస్ అనే చిన్న క్లబ్బులోని షేమస్ హార్నెడీ సీనియర్ కౌంటీ ఫైనల్ ఆడేవాడే కాదు. ఇమోకిలీ గెలుపుతోనే 2018లో అతను కార్క్ కెప్టెన్ అయ్యాడు.

అయితే కూడలి జట్టు కౌంటీ గెలవగలదు గానీ ఆ పైన ప్రావిన్స్ స్థాయిలో జరిగే మన్‌స్టర్ క్లబ్ పోటీకి వెళ్లలేదు, అది అసలు క్లబ్బులకే. 2024లో ఈ నియమం వింత ఫలితమిచ్చింది. కౌంటీ ఫైనల్లో సార్స్‌ఫీల్డ్స్‌ను ఇమోకిలీ ఓడించింది. ఓడిన సార్స్‌ఫీల్డ్స్ కార్క్ తరఫున మన్‌స్టర్‌కు వెళ్లింది. అక్కడ వరుసగా మూడేళ్లు గెలిచివున్న వాటర్‌ఫర్డ్ క్లబ్ బాలిగన్నర్‌ను ఫైనల్లో ఓడించింది. 2009లో న్యూటౌన్‌షాండ్రమ్ తర్వాత కార్క్ క్లబ్ ఏదీ అందుకోని కప్పు అది. 2025 జనవరిలో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో జాతీయ క్లబ్ ఫైనల్ దాకా వెళ్లి, డబ్లిన్ క్లబ్ నా ఫిన్నా చేతిలో ఓడింది.

2022 నుంచి జాతీయ కౌంటీ ఫైనల్‌ను జూలైలోనే ముగించి, ఆ తర్వాతి నెలలు పూర్తిగా క్లబ్బులకు వదిలేస్తున్నారు. వేసవి చివరి మంచి ఎండలో టీవీకి పెద్ద ఆటలు లేకుండా పోయాయని కొందరికి కోపం. కానీ ఏడాదంతా కౌంటీ జట్టు ఖాళీ చేసేదాకా ఎదురుచూసి, చలికాలం బురదలో తమ ఫైనల్ ఆడుకున్న క్లబ్బులకు ఇప్పుడు ఆగస్టూ సెప్టెంబరూ దక్కాయి. 1887లో జాతీయ పోటీ ఎవరి చేతుల్లో మొదలైందో, మంచి నెలలు వాళ్లకే చెందాలి.