నీటిలో తూచిన కెంపు

బ్రిటిష్ రాజకిరీటపు ముందుభాగంలో కోడిగ్రుడ్డు వంటి ఎర్రని రాయి ఒకటి పొదిగి ఉన్నది. దాని బరువు సుమారు 170 కారట్లు, అనగా 34 గ్రాములు. కాస్టీల్ రాజైన పెడ్రో దానిని 1367లో ఇంగ్లండు యువరాజు ఎడ్వర్డుకు ఇచ్చినాడనీ, 1415లో అజింకూరు యుద్ధంలో అయిదవ హెన్రీ దానిని శిరస్త్రాణంపై ధరించినాడనీ చెప్పుకొంటారు. 'నల్లరాకుమారుని కెంపు' అని దానికి పేరు. కాని అది కెంపు కాదు. స్పినెల్ అనే వేరొక ఖనిజం. ఇన్ని తరాల రాజులూ, వారి కొలువులోని రత్నపరీక్షకులూ పొరబడినప్పుడు, ఇంట్లో ఉన్న ఉంగరపు రాయిని చూచి సందేహపడేవారిని తప్పు పట్టలేము.

ఈ పొరపాటుకు కారణం రంగు. కెంపు అల్యూమినియం ఆక్సైడు. స్పినెల్‌లో దానికి మెగ్నీషియం కూడ తోడవుతుంది. రెంటికీ ఎరుపునిచ్చేది మాత్రం లేశమాత్రంగా ఉండే క్రోమియమే. బర్మాలోని మొగోక్ వంటి చోట్ల రెండూ ఒకే కంకరలో దొరుకుతవి. రంగునిచ్చే పదార్థం ఒకటే అయితే కన్ను ఏమి చేయగలదు?

కంటిని నమ్మరాదని ప్రాచీనులకు తెలియకపోలేదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ గాజురాళ్ళ మోసాన్ని గురించి వ్రాస్తూ, ఆ విద్య నేర్పే పుస్తకాలు ఉన్నవి గాని వాటి కర్తల పేర్లు చెప్పనన్నాడు. అసలు రాయి బరువుగా ఉంటుందనీ, నోట ఉంచుకొంటే చల్లగా తగులుతుందనీ, నకిలీ రాతిలో బుడగలు కనిపిస్తవనీ చెప్పినాడు. ఈ మూడింటిలోనూ నిజమున్నది. గాజుకంటె కెంపు ఉష్ణాన్ని త్వరగా లాగుకొంటుంది; అందుకే చల్లదనం. కాని వజ్రాన్ని దాగలిపై పెట్టి సుత్తితో కొడితే సుత్తియే పగులుతుందని కూడ ఆయనే వ్రాసినాడు. వజ్రానికి గీత పడదు గాని దెబ్బకు చీలిపోతుంది. ఆ మాట నమ్మి పరీక్షించినవాడు నిజమైన వజ్రాన్ని కాస్తా పొడి చేసుకొంటాడు.

మన వరాహమిహిరుడు బృహత్సంహితలో మేలైన వజ్రం నీటిపై తేలుతుందన్నాడు. వజ్రం నీటికంటె మూడున్నర రెట్లు బరువైనది. ఒక గిన్నెడు నీరు చాలు, ఈ మాట తేల్చడానికి. 17వ శతాబ్దంలో దక్కను వజ్రపు గనులను చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడి పద్ధతిని వర్ణించినాడు: వర్తకులు రాత్రివేళ గోడగూటిలో పెద్దవత్తి దీపం పెట్టి, ఆ వెలుగులో రాతి స్వచ్ఛతను చూచేవారట. నీలిచాయ ఉన్నదేమోనని అనుమానం కలిగితే ఆకులు దట్టమైన చెట్టునీడకు తీసుకొని పోయేవారట. కంటికి ఇంతకు మించిన శిక్షణ ఉండదు. అయినా అది రాతి మేలిమిని చెబుతుంది గాని జాతిని చెప్పదు.

జాతిని చెప్పే ఉపాయం అంతకు ఆరు వందల ఏండ్ల క్రిందటనే గజనీలో అల్‌బిరూనీ చేతిలో ఉన్నది. ఆయన కొమ్ము గల ఒక పాత్రను నీటితో నింపి అందులో రాతిని వేసి, పొర్లి వచ్చిన నీటిని తూచినాడు. నీలాన్ని 100గా పెట్టుకొంటే, అంతే పరిమాణం గల 'లాల్' అనగా స్పినెల్ సుమారు 90 మాత్రమే తూగినది. నేటి లెక్క ప్రకారం నీలానికీ, కెంపుకూ విశిష్ట గురుత్వం 4.0, స్పినెల్‌కు 3.6. తేడా సరిగా పదోవంతు! ఐరోపాలో ఈ రెండు రాళ్ళను స్పష్టంగా వేరుచేసినది 1783లో రోమే ద లీల్.

ఈ ప్రయోగాన్ని పాఠశాలలోనో, మంచి త్రాసు ఉంటే ఇంటిలోనో చేయవచ్చు. రాయి విడిగా ఉండాలి. బంగారంలో పొదిగినది పనికిరాదు. సన్నని దారంతో త్రాసు కొక్కానికి వ్రేలాడదీసి మొదట గాలిలో, తరువాత నీటిలో మునిగి ఉండగా తూచండి. రాతికి అంటిన గాలిబుడగలను కుంచెతో తుడవండి. గాలిలో 1.80 గ్రాములు, నీటిలో 1.30 గ్రాములు వచ్చినవనుకొందాం. తగ్గినది 0.50. దానితో 1.80ని భాగిస్తే 3.6; అది కెంపు కాదు. మామూలు గాజుకు 2.5 వద్ద వస్తుంది. అయితే ఒక కారటు, అనగా 0.20 గ్రాముల రాయి అయితే కెంపు కోల్పోయేది 50 మిల్లీగ్రాములు, స్పినెల్ 56. ఆరు మిల్లీగ్రాముల తేడాను పట్టని త్రాసుతో చిన్నరాళ్ళ జోలికి పోకండి.

4.0 వచ్చినంత మాత్రాన కెంపేనని పొంగిపోరాదు. కొన్ని ఎర్ర గార్నెట్లకూ, సీసం ఎక్కువ కలిపిన గాజుకూ ఆ దగ్గరి సంఖ్యయే వస్తుంది. ఆకురాయితో గీచి చూడమని సలహా చెప్పేవారుంటారు. దయచేసి చేయకండి. పచ్చ గట్టిదే గాని పెళుసు; అంచు లేచిపోతే మళ్ళీ అతకదు.

తూకపు పరీక్షను నిజంగా ఓడించినవాడు పారిస్‌కు చెందిన వెర్నుయీ. అల్యూమినియం ఆక్సైడు పొడిలో కాస్త క్రోమియం ఆక్సైడు కలిపి, ఉదజని–ఆమ్లజని జ్వాల గుండా రాల్చి, కరిగిన బిందువులను ఒక కడ్డీపై పేర్చి కొన్ని గంటలలో కెంపు ముద్దను తీసే పద్ధతిని ఆయన 1902లో ప్రకటించినాడు. '17 జ్యువెల్స్' అని వ్రాసి ఉండే పాత చేతిగడియారాలలోని రాళ్ళు ఇటువంటివే. ఇది గాజు కాదు, స్పినెల్ కాదు, రసాయనికంగా కెంపే. విశిష్ట గురుత్వం 4.0, కాఠిన్యం 9, నోట చల్లదనం కూడ అంతే. బిరూనీ పాత్ర దీనిని పట్టలేదు.

దీనిని పట్టేది భూతద్దం. పది రెట్లు పెద్దదిగా చూపే దానితో, ప్రక్కనుండి వెలుగు పడేటట్లు రాతిని మెల్లగా త్రిప్పుతూ చూడాలి. భూమిలో పెరిగిన కెంపులో పెరుగుదల గీతలు తిన్నగా సాగి కోణాలలో మలుపు తిరుగుతవి; తరచు సూదులవంటి సన్నని స్ఫటికాలు కూడ కనిపిస్తవి. కొలిమిలో పెరిగిన దానిలో గీతలు గ్రామఫోను రికార్డు గాడులవలె వంపుగా ఉంటవి. వాటి మధ్య ఒకటో రెండో గుండ్రని గాలిబుడగలు చిక్కుకొని ఉండవచ్చు.