కాగితపు మడతలు - కార్మికుని కళ

వాన వెలిసిన వేళ వీధికాలువలో కాగితపు పడవను విడువనివారు మనలో అరుదు. బడి పుస్తకములోని పుట చించినందుకు చీవాట్లు తిని, ఆ పుటతోనే మరల పడవ చేసినవారును కలరు. పెద్దవారమైన పిదప మనము ఆ వేడుకను మరచితిమి. దానిని మరువక, పనిచేయు చోటికిని వెంట గొనిపోయిన ఒక జపాను కార్మికుని చరిత్రను నేడు స్మరింతము.

అకిరా యోషిజావా 1911వ సంవత్సరమున తోచిగీ మండలములో, పాడిపై జీవించు రైతు కుటుంబమున జన్మించెను. పదుమూడేండ్ల ప్రాయమున టోకియో చేరి ఒక కర్మాగారమున పనికి కుదిరెను. కాగితమును మడచి బొమ్మలు చేయుటను జపానీయులు ‘ఓరిగామి’ అందురు. చిన్ననాటి ఆ వినోదము ఆయనను వీడలేదు. ఇరువది యేండ్లు దాటిన పిదప ఆయనకు నమూనా పటములు గీయు పని లభించెను; క్రొత్త పనివారికి రేఖాగణితము నేర్పు భారమును ఆయనపై పడెను. అప్పుడు యోషిజావా కాగితపు మడతలనే పాఠముగా చేసికొనెను.

ఇందు వింత లేదు. కాగితమును మడచినచో సరళరేఖ ఏర్పడును. ఆ మడత తనమీదనే పడునట్లు మరల మడచినచో లంబకోణము వచ్చును. కోణమానినితో పని లేదు. మద్రాసు నగరమున టి. సుందరరావుగారు 1893లోనే, కాగితపు మడతలతో రేఖాగణితము నేర్పు గ్రంథమును ఆంగ్లమున వెలువరించిరి. అది 1901లో చికాగోలో పునర్ముద్రణము పొందెను.

వేడుక పనికి తోడగుట యొక యెత్తు. వేడుక కొఱకు పనిని విడుచుట మఱియొక యెత్తు. 1937లో యోషిజావా కర్మాగారమును వీడి తన కాలమంతయు ఓరిగామికే అర్పించెను. ఫలితము దారిద్ర్యము. ‘త్సుకుదాని’ అను, అన్నములో నంజుకొను పదార్థమును ఇంటింట అమ్మి పొట్ట పోసికొనెను. యుద్ధకాలమున సైనిక వైద్యదళములో నుండి, రోగుల మంచముల చెంత కాగితపు బొమ్మల నుంచి వారిని సంతోషపెట్టెను.

తుదకు 1952 జనవరిలో ‘అసాహి గ్రాఫ్’ పత్రిక ఆయన మడచిన బొమ్మలను ప్రచురింపగా పేరు వచ్చెను. 1954లో వెలువడిన గ్రంథమున ఆయన ఏ మడత ఎటు మడవవలెనో చుక్కల గీతలతో, బాణపు గుర్తులతో చూపెను. 1961లో సామ్యూల్ రాండ్లెట్, రాబర్ట్ హార్బిన్ అనువారు మఱికొన్ని గుర్తులు చేర్చిరి. ఆ పద్ధతియే నేడు లోకమంతట వాడుకలో నున్నది. జపాను తెలియనివారును ఆ పటమును చూచి కొంగను మడవగలరు.

కర్మాగారమున పటములు గీసిన చేయియే ఈ గుర్తులను గీసెనని మరువరాదు. వేడుక పనిలోనికి పోయినట్లే, పనియు వేడుకలోనికి వచ్చెనని మాకు తోచుచున్నది. పని నేర్పిన క్రమము లేనిచో ఆయన నేర్పు ఆయనతోనే అంతరించియుండెడిది.

1983లో జపాను ప్రభుత్వము ఆయనను ‘ఉదయభాను’ పురస్కారముతో గౌరవించెను. 2005లో, తన తొంబదినాలుగవ జన్మదినముననే ఆయన కన్నుమూసెను.

మన ఇంట పిల్లవాడు పుట చించినపుడు మందలింపవలసినదే. కాని ముందుగా వాని చేతిలోని మడత ఎంత సూటిగా నున్నదో ఒకసారి చూతము.