పల్సానాలో ఎన్ని భాషలు?

ప్రపంచంలో భాషలు ఏడు వేలకు పైగా ఉన్నాయని మీరు చదివే ఉంటారు. ఇలాంటి అంకె ఎలా పుడుతుందో ఒక చోటును తీసుకొని చూద్దాం.

గుజరాత్‌లోని సూరత్ జిల్లాలో పల్సానా ఒక తాలూకా. బట్టలకు రంగులద్దే మిల్లులకు పేరు. ఒడిశా, బీహార్, మహారాష్ట్రల నుంచి పనివారు వస్తారు. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్ళిన మన పద్మశాలీలు సూరత్‌లో స్థిరపడ్డారు. తూర్పుగా మాండవి, వ్యారా వైపు వెళితే చౌధరీ, గామిత్ గిరిజనుల మాటలు వినిపిస్తాయి.

జనాభా లెక్కల్లో, చిన్నతనంలో తల్లి మనతో మాట్లాడిన భాషే మాతృభాష. జనం చెప్పిన పేరు చెప్పినట్టే రాసుకోవాలి. 2011లో దేశమంతటా ఇలా వచ్చిన పేర్లు 19,569. ఒకే భాషకు పది పేర్లు రావడం మామూలే. జల్లెడ పట్టగా 1,369 మాతృభాషలు తేలాయి. మరో 1,474 పేర్లు ఎటూ తేలక ‘ఇతరాలు’ గడిలో పడ్డాయి. ఆ మాతృభాషలను మళ్ళీ గుంపులు కట్టి, పదివేల మంది కూడా లేనివాటిని విడిగా చూపకుండా, చివరకు 121 భాషలన్నారు. 1961లో 1,652 మాతృభాషల పేర్లు ప్రకటించారు. పదివేల నియమం వచ్చిన 1971లో ఆ జాబితా నూరు పైచిలుకుకు కుదించుకుపోయింది. పదేళ్ళలో అన్ని భాషలు చచ్చిపోయాయా? లేదు, మారింది పట్టికే.

ఇప్పుడు మాండవి వైపు చౌధరీ మాట్లాడే ఒక తల్లిని తలచుకోండి. ప్రపంచ భాషల జాబితాలో ఆమెది విడి భాష. మన జనగణనలో మాత్రం చౌధరీ, గామిత్, ధోడియా అన్నీ ‘భీలీ’ కిందికే చేరతాయి. మొత్తం కోటీ నాలుగు లక్షల మంది ఉన్నా ఈ భీలీకి ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. పెద్ద పట్టికలో పేరే కనిపించని భాషకు బడిలో పాఠ్యపుస్తకం అడగడం ఎంత కష్టమో ఊహించండి. మిల్లులోని భోజ్‌పురి కార్మికుడు హిందీ ఖాతాలో పడతాడు. అలాంటివారు అయిదు కోట్లకు పైనే. పరాయి భాషల సంగతే కాదు సుమా! వడ్డెరల వడరిని తెలుగు కిందే లెక్కగట్టారు.

గ్రియర్సన్ తన సర్వేలో 179 భాషలు, 544 మాండలికాలు అని విడదీశాడు. అందులో మద్రాసు, హైదరాబాదు ప్రాంతాల్లో క్షేత్ర పరిశీలనే జరగలేదు. 2010లో వడోదరలోని భాషా పరిశోధన కేంద్రం తరఫున గణేశ్ దేవీ మొదలుపెట్టిన ప్రజా సర్వేలో 780 భాషలు తేలాయి. దేశం ఒకటే, అంకెలు మూడు.